శత్రు ఆస్తుల అమ్మకం దేశభక్తి కాదు

పాకిస్తాన్‌కు వెళ్లిపోయినవాళ్లు ఇక్కడ వదిలిన ఇళ్లు, భూములు, షేర్లు కేంద్రం అమ్మేస్తోందని పేపర్లో వార్త వస్తే నంద్యాల శ్రీనివాస సెంటర్లో అయినా, ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలిలో అయినా వినపడే మాట ఒకటే. "మనతో యుద్ధం చేసిన దేశంవాళ్ల ఆస్తి, అమ్మితే తప్పేముంది? ఖజానాకేగా చేరేది!" చదువుకున్నవాళ్లు ఇదే మాటకు కాస్త మెరుగు పెడతారు. దేశ భద్రత అంటారు. పాకిస్తాన్ తన చేతికొచ్చినవి ఎప్పుడో అమ్ముకుందంటారు. నవాబుల వారసుల మీద మనకెందుకు జాలి అంటారు. ఎక్కడా ఎవరూ ఎదురు చెప్పరు గనుక ఇదే లోకాభిప్రాయంగా స్థిరపడిపోయింది.

ఈ అభిప్రాయం తప్పు. చట్టం దృష్టిలోనూ తప్పే, ధర్మం దృష్టిలోనూ తప్పే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు చెప్పుకుని ఛాతీ విరుచుకునే మన ప్రాంతంవాళ్ల నోట అయితే అసలే రాకూడని మాట.

ముందు చట్టం సంగతి. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం సాగుతుండగా, ఆ దేశ పౌరులకు ఇక్కడున్న ఆస్తులన్నిటినీ భారత రక్షణ నిబంధనల కింద కస్టోడియన్ అనే అధికారి చేతిలో పెట్టారు. 1962 యుద్ధం తర్వాత చైనా జాతీయుల ఆస్తుల విషయంలోనూ ఇలాగే చేశారు. యుద్ధకాలంలో ఈ పని ఏ దేశమైనా చేస్తుంది, దాన్ని నేను తప్పుపట్టను. ఇక్కడి అద్దెలు, లాభాలు అవతలి దేశానికి చేరి తుపాకి గుండ్లు కాకుండా ఆపే హక్కు ప్రభుత్వానికి ఉంది. కస్టోడియన్ అంటే కాపలాదారు. యుద్ధం ముగిసేదాకా ఆస్తిని చూసుకోవడం, ఆ తర్వాత సంధిలో రెండు దేశాలూ తేల్చుకున్నట్టు చేయడం అతని పని. 1966 జనవరి 10న లాల్ బహదూర్ శాస్త్రి, అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన తాష్కెంట్ ప్రకటనలో ఈ మాట స్పష్టంగా ఉంది. యుద్ధంలో ఇరుపక్షాలూ స్వాధీనం చేసుకున్న ఆస్తుల వాపసు గురించి చర్చలు జరుపుతామని రెండు దేశాలూ రాసిచ్చాయి. శాస్త్రిగారు కన్నుమూయడానికి కొద్ది గంటల ముందు సంతకం పెట్టిన కాగితం అది. దేశభక్తి పేరుతో ఆస్తులు అమ్మమనేవాళ్లు ఆ సంతకాన్ని ఏం చేద్దామంటారు?

చర్చలు ముందుకు సాగలేదు. 1968లో పార్లమెంటు శత్రు ఆస్తి చట్టం చేసింది. 1971లో మళ్లీ యుద్ధం వచ్చింది, కస్టోడియన్ చేతిలోని జాబితా పెరిగింది. 2023 లెక్క ప్రకారం దేశం మొత్తం మీద 12,611 స్థిరాస్తులు ఆ జాబితాలో ఉన్నాయి. వీటిలో చైనా జాతీయులవి 126, మిగతావన్నీ పాకిస్తాన్ జాతీయులుగా లెక్కకొచ్చినవాళ్లవి. సగానికి దగ్గరగా ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నాయి. పక్కనున్న తెలంగాణలో 158 ఉన్నట్టు 2023లో ప్రభుత్వం చెప్పింది.

అసలు అన్యాయం ఎక్కడ మొదలైందో చూడాలి. ఉత్తరప్రదేశ్‌లోని మహమూదాబాద్ రాజా 1957లో పాకిస్తాన్ పౌరసత్వం తీసుకున్నాడు. భార్య, కొడుకు ఇక్కడే, భారత పౌరులుగానే ఉండిపోయారు. 1965లో ఆస్తులన్నీ కస్టోడియన్ చేతికి పోయాయి. 1973లో రాజా లండన్‌లో చనిపోయాడు. నేను భారత పౌరుణ్ని, నా తండ్రి ఆస్తి నాకివ్వండని కొడుకు అడిగాడు. ఆ కొడుకు ఎవరో కాదు, మహమూదాబాద్ ప్రజలు రెండుసార్లు ఓట్లేసి అసెంబ్లీకి పంపిన శాసనసభ్యుడు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక 2005 అక్టోబరులో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. భారత పౌరుణ్ని శత్రువు అనడం కుదరదంది, ఆస్తులు అప్పగించమంది.

ఆ తీర్పును ప్రభుత్వాలు జీర్ణించుకోలేకపోయాయి. 2010లో ఒక ఆర్డినెన్సు వచ్చింది. 2016లో ఒక్క ఏడాదిలోనే మొదటిదీ పొడిగింపులూ కలిపి ఐదు ఆర్డినెన్సులు వచ్చాయి. చివరికి 2017 మార్చిలో పార్లమెంటు సవరణ చట్టం చేసింది. దాని ప్రకారం శత్రువు వారసుడు భారత పౌరుడైనా శత్రువే. శత్రువు చచ్చిపోయినా ఆస్తి శత్రు ఆస్తిగానే ఉంటుంది. వారసత్వ చట్టాలేవీ దానికి వర్తించవు. వెనకటి కొనుగోళ్లు, దానాలు చెల్లవు. సివిల్ కోర్టులు ఇందులో వేలు పెట్టకూడదు. ఇదంతా 1968 నుంచే అమల్లో ఉన్నట్టు భావించాలి. అంటే అర్ధ శతాబ్దం కింద జరిగిన వ్యవహారాలు ఇవాళ చేసిన చట్టంతో రద్దయిపోతాయి. సుప్రీంకోర్టులో గెలిచిన మనిషిని వెనకటి తేదీ వేసిన చట్టంతో ఓడించారు.

పార్టీలకు అతీతంగా జరిగిన పని ఇది. 2010లో ఆర్డినెన్సు తెచ్చింది ఒక ప్రభుత్వం, 2017లో చట్టం చేసింది ఇంకొక ప్రభుత్వం. ఏ ఒక్క పార్టీనో తప్పుపట్టడం కోసం రాయడం లేదని చెప్పడానికే ఈ మాట.

ఇక మన ఊళ్ల కథకు వద్దాం. నంద్యాల, సిరివెళ్ల తాలూకాలు ఒకప్పుడు కర్నూలు నవాబువి. అంటే ఇవాళ్టి ఆళ్లగడ్డ, అహోబిలం ప్రాంతమూ అందులోదే. నవాబు ఈస్టిండియా కంపెనీకి ఏటా లక్ష రూపాయల పేష్కష్ (కప్పం) కట్టేవాడు. 1839లో గులాం రసూల్ ఖాన్ మీద కంపెనీ కుట్ర ఆరోపణ చేసింది. కోటలో పెద్ద ఎత్తున ఆయుధాలు దాచాడని అంది. అక్టోబరులో కర్నూలు పక్కన జోహరాపురం దగ్గర పోరాటం జరిగింది. నవాబును పట్టుకుని తిరుచిరాపల్లికి పంపారు, మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు. సంస్థానాన్ని కంపెనీ కలిపేసుకుంది. జాగీర్లు పోయాయి, కుటుంబానికి పింఛన్లు మిగిలాయి. గులాం రసూల్ ఖాన్ గొప్ప పాలకుడని నేను అనను, అతని పాలనలో రైతు సుఖపడ్డాడనీ అనను. నేను చూపేది వ్యవహారం నడిచిన తీరు. ఆరోపించింది కంపెనీ, విచారించింది కంపెనీ మనుషులు, ఆస్తి పోయింది కంపెనీకి. మధ్యలో కోర్టు లేదు.

కోర్టుకు వెళితే ఏమయ్యేదో కొడగు రాజు కథ చెబుతుంది. 1834లో కంపెనీ కొడగు మీద యుద్ధం చేసి రాజ్యాన్ని కలిపేసుకుంది. అంతకు ముందే ఆ రాజకుటుంబం కంపెనీ ప్రామిసరీ నోట్లలో డబ్బు పెట్టి ఉంది. అంటే కంపెనీ వాళ్లకు బాకీ. రాజ్యంతో పాటు ఆ నోట్లనూ కంపెనీ తీసేసుకుంది. పదవి పోయిన చిక్కవీరరాజేంద్ర 1852లో లండన్ వెళ్లి, రాజ్యం మాట సరే, నా సొంత సొమ్ము నాకివ్వండని అక్కడి కోర్టులో దావా వేశాడు. తీర్పు రాకముందే 1859లో చనిపోయాడు. 1860లో కోర్టు కేసు కొట్టేసింది. యుద్ధంలో సర్కారు చేసిన పని మీద న్యాయస్థానం విచారణ చేయజాలదని చెప్పింది. అప్పు తీసుకున్నవాడే అప్పిచ్చినవాణ్ని యుద్ధంలో ఓడించి బాకీ చెరిపేసుకుంటే అడిగే దిక్కు లేదన్నమాట. 2017 చట్టంలో సివిల్ కోర్టుల అధికారం తీసేసే సెక్షన్ చదివినప్పుడల్లా నాకు ఆ తీర్పే గుర్తొస్తుంది. కంపెనీకి కోర్టు అండగా నిలిచింది. మన కోర్టు పౌరుడి వైపు నిలిచింది, అందుకే దాన్ని తప్పించాల్సి వచ్చింది.

ఇప్పుడు ఉయ్యాలవాడ. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పగించాక, కంపెనీ కలెక్టరు మన్రో పాలెగాళ్ల అధికారాలు ఒక్కొక్కటే తీసేశాడు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి ఓడిపోయాడు, జమీ పోయింది. బదులుగా వచ్చిన భరణంలో దౌహిత్రుడు నరసింహారెడ్డి వంతుకు నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు దక్కింది. అదీ సరిగా అందలేదు. కట్టుబడి ఇనాములు రద్దయి బతుకు తెరువు పోయినవాళ్లు అతని వెంట నడిచారు. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న అదే కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరి తీశారు. తలను 1877 దాకా కోట మీద వేలాడదీశారు. ఇవాళ ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టుకున్నాం, సినిమా తీసుకున్నాం, విగ్రహాలు పెట్టుకున్నాం. సబబే. అయితే ఆయన మొదటి ఫిర్యాదు ఏమిటో గుర్తుంచుకోవాలి. కంపెనీతో పోట్లాడింది తాత. దానికి మనవడి నోటి దగ్గర కూడు ఎందుకు లాక్కోవాలి? ఆ ప్రశ్న న్యాయమైనదని మనం ఒప్పుకున్నాం గనకనే ఆయన మనకు వీరుడయ్యాడు. నొస్సంలో న్యాయమైన ప్రశ్న మహమూదాబాద్‌లో దేశద్రోహం ఎలా అవుతుంది?

నంద్యాలలోనే ఇంకో ఉదాహరణ ఉంది, రోజూ దాని పక్కనే నడుస్తున్నాం. కేసీ (కర్నూలు-కడప) కాలువను మొదట తవ్వింది సర్కారు కాదు. లండన్‌లో వాటాలు అమ్మి మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. వాటాదారుల పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ మన పన్నుల నుంచి గ్యారంటీ. సుంకేసుల నుంచి కడప దాకా తవ్విన కాలువ 1871కి నీళ్లు ఇవ్వడం మొదలైంది గానీ వ్యాపారంగా నష్టాల్లో మునిగింది. 1882లో సర్కారే దాన్ని కొనుక్కుంది. వాటాదారులకు డబ్బు ముట్టింది. నష్టంలో ఉన్న పరదేశీయుల ఆస్తికి ఖరీదు కట్టి చెల్లించిన సర్కారు ఇదే నేల మీద ఉంది. నవాబు వారసులకూ నొస్సం వారసులకూ ఆ మర్యాద లేదు. ఆస్తి హక్కు గౌరవించాలా వద్దా అన్నది ఆ రోజుల్లో మనిషిని బట్టి తేలేది. స్వతంత్ర దేశంలో చట్టాన్ని బట్టి తేలాలి.

ఇక ఎదుటి వాదాలు. పాకిస్తాన్ 1971లోనే అన్నీ అమ్మేసుకుంది కదా అన్నది వాటిలో బలమైనది. నిజమే, అమ్మేసుకుంది. అక్కడ ఆస్తి పోగొట్టుకున్న భారతీయులకు మన ప్రభుత్వం నష్టంలో 25 శాతం దాకా ఎక్స్‌గ్రేషియా ఇచ్చి ఊరుకుంది. వాళ్లకు మిగతా 75 శాతం ఇప్పించమని అడగండి, నేనూ గొంతు కలుపుతాను. కానీ విప్రో షేర్లు అమ్మిన డబ్బు వాళ్లకు వెళ్లిందా? 2019 ఏప్రిల్‌లో కస్టోడియన్ చేతిలో ఉన్న 4.43 కోట్ల విప్రో షేర్లు అమ్మితే 1,150 కోట్ల రూపాయలు వచ్చాయి. ఎక్కువ భాగం కొన్నది ఎల్ఐసీ. ఆ సొమ్ము ఖజానాలో కలిసిపోయింది. పాకిస్తాన్ చేసిన అన్యాయానికి బదులు అంటూనే, ఆ అన్యాయానికి బలైన మనవాళ్లకు మాత్రం పైసా విదల్చకపోతే అది ఏ రకం బదులు?

ఈ వాదాన్ని పట్టుకుని ఇంకో దేశం ఎక్కడి దాకా వెళ్లిందో చూస్తే నోరు పెగలదు. 1965 యుద్ధంలోనే పాకిస్తాన్ తన శత్రు ఆస్తి ఉత్తర్వు తెచ్చింది. దాన్ని తూర్పు బెంగాల్‌లో హిందువుల మీద ప్రయోగించారు. ఇంట్లో ఒకడు కలకత్తాకు వెళితే చాలు, మిగిలిన కుటుంబం భూమంతా శత్రు ఆస్తి. బంగ్లాదేశ్ ఏర్పడ్డాక 1974లో పేరు మార్చి అదే చట్టాన్ని కొనసాగించారు. ఆ దేశ పౌరులైన లక్షల హిందూ కుటుంబాలు భూమి పోగొట్టుకున్నాయి. 2001లో ఢాకా పార్లమెంటు వాపసు చట్టం చేసి తప్పు దిద్దుకోవడానికి కొంతైనా ప్రయత్నించింది. అక్కడి ఆ శత్రు ఆస్తి చట్టం పేరు వింటే మనవాళ్ల రక్తం ఉడుకుతుంది, ఉడకాల్సిందే. ఒక బంధువు వెళ్లిపోయాడని ఉండిపోయిన పౌరుడి ఆస్తి లాక్కోవడం అక్కడ దుర్మార్గమైతే ఇక్కడా దుర్మార్గమే.

ప్రపంచమంతా ఇంతే, యుద్ధం తర్వాత ఓడినవాళ్ల ఆస్తి అమ్మడం మామూలే అంటారు కొందరు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వెర్సయ్ సంధి జర్మన్ పౌరుల ఆస్తులు అమ్ముకునే హక్కు గెలిచిన దేశాలకు ఇచ్చిన మాట వాస్తవం. అంత కఠినమైన సంధి కూడా ఆస్తి పోయిన ప్రతి జర్మన్ పౌరుడికీ జర్మనీ ప్రభుత్వం పరిహారం కట్టాలని అదే అధికరణంలో రాసింది. ఆ యుద్ధకాలంలో మన సూళ్లూరుపేట, గూడూరు వైపు హెర్మన్స్‌బర్గ్ జర్మన్ మిషన్ స్థలాలను వేలం వేయలేదు, అదే మతశాఖకు చెందిన అమెరికన్ల చేతికి అప్పగించారు. అప్పటి పొరపాట్లు కూడా మనకు పాఠమే. మంగళూరు పెంకుల ఫ్యాక్టరీలు నడిపిన బేసెల్ మిషన్ కేంద్రం తటస్థ దేశమైన స్విట్జర్లాండ్‌లో ఉండేది. జర్మన్లతో కలిపి ఒకే గాట కట్టి దాని ఆస్తులూ లాక్కుని కామన్‌వెల్త్ ట్రస్టు అనే లండన్ కంపెనీకి అప్పగించారు. ముందు లాక్కుని తర్వాత విచారించే పద్ధతిలో శత్రువు ఎవరో కాని వాడెవరో తేలదు.

దేశ భద్రత అన్నమాటకు జవాబు చిన్నది. యుద్ధం జరిగి అరవై ఏళ్లయింది. కరాచీలో ఎప్పుడో కన్నుమూసిన మనిషి పేరున ఉన్న పాత షేరు కాగితం వల్ల ఈ దేశానికి ముప్పేమీ లేదు.

నవాబుల మీద జాలెందుకు అనేవాళ్లకు గట్టిగానే చెప్పాలి. పెద్ద భూస్వామ్యాలు పోవాల్సిందే, వాటి కోసమే మన రాష్ట్రంలో 1973 భూసంస్కరణల చట్టం వచ్చింది. దాన్ని చిత్తశుద్ధితో అమలు చేయకుండా వదిలేసింది ఈ ప్రభుత్వాలే. శత్రు ఆస్తి చట్టం పేదవాడికి సెంటు భూమి ఇవ్వదు. ఎక్కువ పాడినవాడికి వేలంలో పోతుంది. తరాలుగా ఆ ఇళ్లలో అద్దెకుంటున్న దర్జీకీ కిరాణా కొట్టువాడికీ మాత్రం నోటీసు వస్తుంది. భోపాల్ నవాబు ఆస్తుల కేసులో సైఫ్ అలీ ఖాన్ పేరు వచ్చేసరికి జనం సినిమా వార్తలా చదివారు. ఆ కేసులో నవాబు హమీదుల్లా ఖాన్ పెద్ద కూతురు 1950లో పాకిస్తాన్ వెళ్లింది. రెండో కూతురు సాజిదా ఇక్కడే ఉంది, ఆమెనే వారసురాలిగా భారత ప్రభుత్వం గుర్తించింది. ఆమె మనవడు సైఫ్. 2024 డిసెంబరులో మధ్యప్రదేశ్ హైకోర్టు, చట్టంలో ఉన్న దారి ప్రకారం ముందు అధికారుల దగ్గరికే వెళ్లమని పంపేసింది. సినిమా హీరోకు లాయర్లుంటారు. లక్నోలో రెండు గదుల ఇంటి కోసం తిరిగే మనిషికి ఎవరున్నారు?

అప్పీలు ఉంది కదా అంటారు. 30 రోజుల్లో కేంద్ర ప్రభుత్వానికి మొర పెట్టుకోవాలి. కస్టోడియన్ ఉన్నది కేంద్ర హోంశాఖ కిందే. అంటే తీసుకున్నవాడి దగ్గరే మొదటి మొర. తర్వాత హైకోర్టు. ఇది ఎంత కష్టమో నంద్యాల జిల్లా రైతుకు వేరే చెప్పాలా? కూతురి పెళ్లికి రెండెకరాలు అమ్ముదామని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోతే సర్వే నంబరు 22ఏ నిషేధిత భూముల జాబితాలో ఉందంటారు. పాస్‌బుక్ చేతిలో ఉంటుంది, శిస్తు రసీదులుంటాయి, తాత నాటి దస్తావేజు ఉంటుంది. నీ భూమి నీదేనని నువ్వే రుజువు చేసుకోమంటారు. తహసీల్దారు ఆఫీసు నుంచి ఆర్డీఓ ఆఫీసుకు, అక్కడి నుంచి కలెక్టరేట్‌కు తిరుగుతుండగానే పెళ్లి ముహూర్తం దాటిపోతుంది. పాత రిజిస్టర్‌లో యజమాని పేరుండాల్సిన చోట చుక్కలున్న పాపానికి చుక్కల భూముల రైతులు ఎన్నేళ్లు తిరిగారో అందరం చూశాం. జాబితాలో ఎక్కించడం సర్కారుకు ఒక్క సంతకం, దించుకోవడం రైతుకు ఒక జీవితకాలం. మన కష్టం మనకు తెలుసు. జాబితా పేరు 22ఏ కాకుండా శత్రు ఆస్తి అయినంత మాత్రాన అవతలివాడి కష్టం మనకెందుకు కనపడదు?

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో చెప్పిన మాట అందరూ చదవాలి. లక్నో నగరపాలక సంస్థ వేసిన ఇంటిపన్ను కేసులో, శత్రు ఆస్తికి కస్టోడియన్ ధర్మకర్త మాత్రమేనని, దానికి కేంద్రం యజమాని కాదని, కాబట్టి మున్సిపల్ పన్ను కట్టాల్సిందేనని తేల్చింది. పన్ను కట్టే దగ్గర ధర్మకర్త అయినవాడు అమ్మే దగ్గర యజమాని ఎలా అవుతాడు? రాజ్యాంగం 300ఏ అధికరణం చట్టబద్ధ అధికారం లేకుండా ఎవరి ఆస్తీ తీసుకోరాదంటోంది. చట్టం అంటే బలవంతుడు వెనకటి తేదీ వేసుకుని రాసుకునే కాగితం అని అర్థమైతే ఆ అధికరణం ఉండీ లేనట్టే.

కాబట్టి నేను కోరేవి నాలుగు పనులు. అమ్మకాలు వెంటనే ఆపాలి. భారత పౌరులైన వారసుల ఆస్తులు 2005 తీర్పు ప్రకారం వాళ్లకు అప్పగించాలి, అప్పటికే అమ్మేసినవాటికి అమ్మిన ధర వడ్డీతో చెల్లించాలి. పాకిస్తాన్ పౌరులవైన ఆస్తుల ఆదాయాన్ని ఖజానాలో కలపకుండా వేరే ఖాతాలో పెట్టి, అక్కడ సర్వం పోగొట్టుకుని ఇక్కడికొచ్చిన మనవాళ్ల కుటుంబాలకు మిగిలిన 75 శాతం ముందుగా అందులోంచి ఇవ్వాలి. 2017లో తీసేసిన సివిల్ కోర్టుల అధికారాన్ని తిరిగి ఇవ్వాలి. దీనికి పార్లమెంటులో ఒక చిన్న సవరణ బిల్లు చాలు. నంద్యాల ఓటర్లు ఎన్నుకున్న ఎంపీ కూడా ఆ సభలో కూర్చుంటారు. ఉయ్యాలవాడ గడ్డ నుంచి వెళ్లిన ఆ సభ్యుడు ఈ బిల్లు పెట్టాలని, పెట్టేదాకా మన జిల్లావాళ్లు అడుగుతూనే ఉండాలని నా కోరిక.